పెట్టె ఎవరు కట్టాలి? హైదరాబాద్‌లో ఇల్లు మారేవాళ్లకు మూడు దారుల పోలిక

"ఈ పెట్టె మీరే కట్టారు కదా మేడమ్," అన్నాడు సామాను తెచ్చిన మూవర్స్ సూపర్‌వైజర్. తార్నాక నుంచి నిజాంపేటకి మారిన రోజు అది. వంటగది పెట్టె తెరిస్తే అత్తయ్య ఇచ్చిన పింగాణీ జాడీలు రెండూ ముక్కలైపోయి ఉన్నాయి. అడుగు అట్టంతా నూనె. నేను గొంతు పెంచబోతుంటే అతను చేతిలో కాగితం చూపించాడు. సామాన్ల జాబితాలో నా పెట్టెలన్నిటి పక్కన 'ఓనర్ ప్యాక్డ్' అని రాసి ఉంది. కింద మా ఆయన సంతకం. పొద్దున లోడింగ్ హడావుడిలో ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేశారు. అతనన్నదాంట్లో అబద్ధమేమీ లేదు, అదే నా బాధ.

పన్నెండేళ్లలో ఈ ఊళ్లో మాకిది ఐదో ఇల్లు. అశోక్‌నగర్‌లో ఒక్క గదితో మొదలుపెట్టి, తార్నాక, నిజాంపేట, కొండాపూర్ మీదుగా ఇప్పుడు నార్సింగిలో ఉన్నాం. ఇల్లు మారుతున్నామంటే అందరూ ముందు "ఎంతవుతుంది?" అని అడుగుతారు. జాడీలు పోయినప్పటి నుంచి నేను ముందు ఆలోచించేది "ఏ పెట్టె ఎవరు కడతారు?" అని. ఖర్చు, శ్రమ, పగిలితే ఎవరు పూచీ అన్నది, ఈ మూడూ దాన్నిబట్టే తేలతాయి.

మన ముందున్న దారులు మూడు. బండి మాత్రం మాట్లాడుకుని మిగతాదంతా మనమే చూసుకోవడం ఒకటి. పెట్టెలు మనం కట్టుకుని, ఎత్తి దించే పని మూవర్స్‌కి అప్పజెప్పడం రెండోది. చెంచాతో సహా అన్నీ వాళ్లే సర్దే ఫుల్ ప్యాకింగ్ మూడోది. నాలుగు షిఫ్టింగుల్లో మూడూ చేసి చూశాను. ఇప్పుడు మూడూ కలిపి చేస్తున్నాను. ఆ సంగతి తర్వాత.

## ధర అడిగే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది దారి. సామాను ఎంతుందన్నదానికన్నా, దాన్ని గుమ్మం నుంచి బండి దాకా ఎలా మోస్తారన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. చిక్కడపల్లి, నల్లకుంట, మలక్‌పేట పాత సందుల్లో డీసీఎం లోపలికి రాదు. వచ్చినా పైన వేలాడే కేబుల్ వైర్లకి తగులుకుంటుంది. అన్నట్టు, మన ఊళ్లో మధ్యరకం లారీ ఏ కంపెనీదైనా డీసీఎమ్మే. ఎనభైల్లో వచ్చిన డీసీఎం టయోటా బండి పేరు అలా నిలిచిపోయింది. ఆ బండి సందు మొదట్లో ఆగిపోతే, అక్కడి దాకా మోతకో చిన్న ట్రాలీకో వేరే డబ్బులు. కోకాపేట, నార్సింగి టవర్లలో బాధ ఇంకో రకం. రోడ్డు ఆరు లేన్లుంటుంది, కానీ బేస్‌మెంట్ ఎత్తు చాలక లారీ లోపలికి పోదు. సర్వీస్ లిఫ్ట్ ముందే బుక్ చేయాలి. అసోసియేషన్ ఎన్ఓసీ, అంటే 'అభ్యంతరం లేదు' అని రాసిచ్చే కాగితం, లేకపోతే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేస్తాడు. ఆదివారం షిఫ్టింగ్ ఒప్పుకోని చోట్లూ ఉన్నాయి. కాబట్టి రెండు చివరలా ఎన్ని అంతస్తులు, లిఫ్ట్ ఉందా, ఉంటే సోఫా పడుతుందా, బండి ఎంత దూరంలో ఆగుతుందో ముందు కాగితం మీద రాసుకోండి. కొటేషన్‌లో కనపడని ఖర్చు పుట్టేది అక్కడే.

రెండోది స్క్రూలు. ఇంట్లో విప్పి మళ్లీ బిగించాల్సినవి ఎన్ని? డబుల్ కాట్, వార్డ్‌రోబ్, టీవీ యూనిట్, కర్టెన్ రాడ్లు, ఏసీ, గీజర్, వాటర్ ఫిల్టర్. పాత టేకు మంచం పదిసార్లు విప్పినా ఏమీ కాదు. ఆన్‌లైన్‌లో కొన్న పొట్టుచెక్క ఫర్నిచర్ అలా కాదు. విప్పిన ప్రతిసారీ స్క్రూ బెజ్జం వదులవుతుంది, తెలియనివాళ్లు బిగిస్తే బోర్డు చీలుతుంది. ఈ రకం వస్తువులు మూడుకి మించి ఉంటే బండి ఒక్కటే మాట్లాడుకునే ఆలోచన మానుకోమంటాను.

మూడోది చేతులు. మీ ఇంట్లో పది రోజుల పాటు రోజూ గంట కూర్చుని పెట్టెలు కట్టగలిగేవాళ్లు ఎందరు? "మనమే సర్దేద్దాం" అనేవాళ్లు ఒకరు, నిజంగా సర్దేవాళ్లు ఇంకొకరు. ఆ రెండోవాళ్లని అడిగి నిర్ణయం తీసుకోండి.

నాలుగోది, డబ్బిచ్చినా మళ్లీ రానివి. జాడీలు, పెళ్లి ఆల్బమ్, బొమ్మల కొలువు బొమ్మలు, నాన్నగారి రేడియో. ఇవి ఏ దారిలోనైనా మీ చేతి మీదుగానే పోవాలి.

## ఒకటో దారి: బండి మాత్రమే

ట్రాలీ ఆటో, టాటా ఏస్, బొలెరో పికప్. పోర్టర్ లాంటి యాప్‌లో అరగంటలో బండి వస్తుంది. చోటా హాథీ అని మనం పిలిచే టాటా ఏస్ తొట్టి సుమారు ఏడడుగుల పొడవు, ఐదడుగుల లోపు వెడల్పు. మోసేది ముప్పావు టన్ను దాకా. ఒక గది సామాను ఒక్క ట్రిప్పులో పడుతుంది. సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లయితే రెండు. రెండు బెడ్‌రూముల ఇంటికి దీన్ని నమ్ముకుంటే మూడో ట్రిప్పుకి చీకటి పడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది డ్రైవర్ విషయంలో. అతను బండి నడపడానికి వచ్చాడు, బీరువా ఎత్తడానికి కాదు. హెల్పర్‌ని విడిగా ఎంచుకోవాలి. లోడింగ్‌కి ఇచ్చిన సమయం దాటితే వెయిటింగ్ చార్జీ పడుతుంది. మోసేవాళ్లని కూలీల అడ్డా మీద నుంచి తెచ్చుకోవచ్చు. బరువు మోయడంలో వాళ్లకి తిరుగులేదు, కానీ ఫ్రిజ్ ఎలా వంచాలో, అద్దం ఎలా పట్టుకోవాలో పక్కనుండి మనం చెప్పాలి.

మా తమ్ముడు ఉప్పల్ నుంచి బాచుపల్లికి ఇలాగే మారాడు. రెండు బెడ్‌రూముల ఇల్లు, కానీ సామాను తక్కువ. ఫుల్ ప్యాకింగ్‌కి 13,500 అడిగారని కోపం వచ్చి తనే చేసుకున్నాడు. బండి రెండు ట్రిప్పులు 2,800. ముగ్గురు కూలీలకి 3,000. అట్టపెట్టెలు, టేపు, బబుల్ రాప్ 1,200. మంచం, వార్డ్‌రోబ్ విప్పి బిగించిన కార్పెంటర్‌కి 1,500. మొత్తం 8,500. అంటే ఐదు వేలు మిగిలింది. రెండు రోజులు సెలవు పెట్టాడు, మూడో రోజు నడుం పట్టేసి ఇంట్లోనే పడుకున్నాడు. "లాభమే కదక్కా" అంటాడు ఇప్పటికీ. మరదలు మాత్రం ఏమీ అనదు.

పెళ్లికానివాళ్లు, హాస్టల్ నుంచి గదికి, గది నుంచి చిన్న ఇంటికి మారేవాళ్లు రెండో ఆలోచన లేకుండా ఈ దారి పట్టొచ్చు. పగిలేవి తక్కువ, విప్పేవి తక్కువ, చేతులకి స్నేహితులుంటారు. బిర్యానీ ఖర్చు మాత్రం లెక్కలో వేసుకోవాలి.

## రెండో దారి: మనం కట్టి, వాళ్లు ఎత్తడం

కాగితం మీద ఇది అందరికీ నచ్చే దారి. ఫుల్ ప్యాకింగ్ కన్నా చవక, నడుం పట్టే పని లేదు. ఫ్రిజ్, మంచం, సోఫా లాంటి పెద్దవాటికి వాళ్లే అట్ట చుట్టి, ఫిల్మ్ చుడతారు. బట్టలు, పుస్తకాలు, గిన్నెలు మనం సర్దుకోవాలి.

దీని గొయ్యి ఏమిటో మొదట్లోనే చెప్పాను. మీరు కట్టిన పెట్టెలో ఏం పగిలినా "లోపల ఎలా పెట్టారో మాకేం తెలుసు" అంటారు. ఒకరకంగా వాళ్ల మాటా న్యాయమే. ఇన్సూరెన్స్ ఉన్నా, ప్యాకింగ్ సరిగా లేక పోయినదానికి క్లెయిమ్ రావడం కష్టం. కాబట్టి ఈ దారిలో వెళ్లేవాళ్లు పగలని సామాను మాత్రమే కట్టుకోవాలి. గాజు, పింగాణీ, టీవీ, అద్దాలు వాళ్లతోనే కట్టించాలి. ఆ నాలుగైదు పెట్టెలకి అదనంగా ఇంత అని ముందే మాట్లాడుకుంటే ఒప్పుకుంటారు.

రెండో గొయ్యి టైమ్. వాళ్లు ఎనిమిదింటికి వస్తారు, మీ వంటగది ఇంకా అలాగే ఉంటుంది. అప్పుడు వాళ్లే చకచకా కట్టేస్తారు, డబ్బులు తీసుకుంటారు, కాగితంలో మాత్రం 'ఓనర్ ప్యాక్డ్' అనే ఉంటుంది.

పెట్టెలు కట్టడం పెద్ద విద్య కాదు గానీ కొన్ని తెలియాలి. కిరాణా కొట్టు అట్టపెట్టెలు ఉచితమే. కానీ సబ్బుల పెట్టెలు, బిస్కెట్ పెట్టెలు తలో సైజు, లారీలో ఒకదాని మీద ఒకటి నిలవవు. ఒకే సైజు పెట్టెలు ముప్పై దాకా కావాలంటే బేగంబజార్ వెళ్లి రావడం మేలు. అడుగున టేపు మధ్యలో ఒక పట్టీ వేసి ఊరుకోకుండా రెండు అంచులకూ అడ్డంగా వేయాలి. పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే పెట్టాలి. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు నింపితే ఎత్తేవాడు తిట్టుకుంటాడు, అడుగు ఊడిపోతుంది. ప్లేట్లు పడుకోబెట్టొద్దు, నిలబెట్టి మధ్యలో కాగితం పెట్టాలి. పెట్టెలో ఖాళీ ఉంటే పాత చీరో తువ్వాలో కుక్కాలి. లోపల కదిలేదే పగులుతుంది. పేరు పెట్టె పైన కాదు, పక్కన రాయాలి. పైన రాస్తే ఇంకో పెట్టె కిందికి వెళ్లాక కనపడదు. 'వంట 3' అని నంబరు వేసి, అందులో ఏముందో ఫోన్‌లో రాసుకోండి. మార్కర్ పెన్ను మీద పెట్టిన నలభై రూపాయలు ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా బాగా పనికొచ్చిన ఖర్చు.

## మూడో దారి: ఫుల్ ప్యాకింగ్

నలుగురో ఐదుగురో వస్తారు. చేతిలో టేపు గన్, భుజాన బబుల్ రాప్ చుట్ట. "హో జాయేగా మేడమ్" అంటూ మొదలుపెడితే మధ్యాహ్నానికి రెండు బెడ్‌రూముల ఇల్లు అట్టపెట్టెల గోడౌన్ అయిపోతుంది. నిజాంపేట నుంచి కొండాపూర్‌కి ఇలా మారాం. ఒక్క గ్లాసు పగల్లేదు.

కానీ వాళ్లు సర్దేది లారీ కోసం, మన కోసం కాదు. పెట్టెలో చోటుందంటే మిక్సీ జార్ పక్కన బాత్రూమ్ మగ్ పెట్టేస్తారు. ముందు కనపడిందల్లా కడతారు. మా చెత్తబుట్ట చెత్తతో సహా బబుల్ రాప్ చుట్టుకుని కొండాపూర్ వచ్చింది. పిల్లవాడి రేపటి యూనిఫామ్ మాత్రం మూడు రోజులకి దొరికింది. నలుగురు నాలుగు గదుల్లో ఉంటారు, మనం ఒక గదిలోనే నిలబడగలం. అందుకని ఈ దారిలోనూ ముందురోజు పని తప్పదు. పారేసేవి పారేయాలి, వద్దన్నవి ఒక గదిలో పెట్టి తాళం వేయాలి, గదికొకరు నిలబడి పెట్టె మీద పేరు రాయించాలి. డబ్బిస్తున్నాం కదా అని చేతులు కట్టుకు కూర్చుంటే కుదరదు.

ఇంకో సంగతి. ఫుల్ ప్యాకింగ్ అన్నారంటే కొత్త ఇంట్లో విప్పి సర్దిపెడతారని కాదు. చాలావరకు మంచాలు బిగించి, పెట్టెలు గదుల్లో దించి వెళ్లిపోతారు. గిన్నెలు షెల్ఫుల్లో పెట్టడం మన పనే. ఖాళీ పెట్టెలు తీసుకెళ్తారా లేదా కూడా అడిగి పెట్టుకోండి. లేకపోతే నెలరోజులు బాల్కనీలో బట్టలారేయడానికి చోటుండదు.

మూడిటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది.

| చూడాల్సింది | బండి మాత్రమే | మనం కట్టి, వాళ్లు ఎత్తడం | ఫుల్ ప్యాకింగ్ |
|---|---|---|---|
| చేతి ఖర్చు | తక్కువ, కానీ విడివిడిగా నాలుగు చోట్ల | మధ్యస్థం | ఎక్కువ |
| మన ముందస్తు పని | పది రోజులు | పది రోజులు | రెండు రోజులు |
| పగిలితే | పూర్తిగా మనదే | మనం కట్టినవి మనవి, వాళ్లు చుట్టినవి వాళ్లవి | వాళ్లది, కాగితం సరిగా ఉంటే |
| విప్పి బిగించడం | కార్పెంటర్‌ని పిలవాలి | మంచాలు వాళ్లే, మిగతావి అడగాలి | చాలావరకు వాళ్లే, ఏసీ సాధారణంగా వేరే |
| వస్తువు వెతుక్కోవడం | సులువు | సులువు | వారం పడుతుంది |
| వానలో | తెరిచిన తొట్టి, భయమే | మూసిన బండి అడగొచ్చు | మూసిన బండి అడగొచ్చు |

## నేనిప్పుడు చేసేది: గదిని బట్టి

కొండాపూర్ నుంచి నార్సింగి వచ్చేటప్పుడు ఇల్లంతటికీ ఒకే దారి అనుకోవడం మానేశాను. పడగ్గదుల బట్టలు, పుస్తకాలు, స్టీలు సామాను నేను కట్టాను. గాజు, టీవీ, ఫర్నిచర్ వాళ్లు కట్టారు. దేవుడి గది, కాగితాలు, నగలు, జాడీలు మా కారులో వెళ్లాయి. మూవర్స్‌కి ఇది కొత్తేం కాదు. గదులవారీగా జాబితా రాసిస్తే దాని మీదే ధర చెప్పారు, ఫుల్ ప్యాకింగ్ ధర కన్నా తగ్గింది కూడా.

బట్టల గురించి చెప్పడానికేం లేదు, సూట్‌కేసుల్లో కుక్కేయండి. అసలు కథంతా వంటగదిలో ఉంది. మన వంటగదిలో సగం పైన స్టీలు, ఇత్తడే. ఇవి పగలవు, సొట్టపడితే పడతాయి. వాటికి బబుల్ రాప్ చుట్టించి డబ్బు తగలేయడం దేనికి? పెద్ద గుండిగలో చిన్న గిన్నెలు, వాటిలో గరిటెలు పెట్టి పాత దుప్పట్లో మూటగడితే సరిపోతుంది. పప్పుల డబ్బాలు ఖాళీ చేయక్కర్లేదు, మూత చుట్టూ టేపు వేయండి చాలు. పసుపు, కారం డబ్బాలు మాత్రం ఒక్కోటీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి కట్టాలి. కారం డబ్బా మూత ఊడిన పెట్టెని తెరవడం ఎలా ఉంటుందో తెరిచినవాళ్లకే తెలుసు. గ్రైండర్‌లో రాయి తీసి విడిగా చుట్టాలి. లోపలే ఉంచితే కుదుపులకి డ్రమ్ము పోతుంది. రోలు, సన్నికల్లు బండిలో అన్నిటికన్నా కింద, ఏ పెట్టెకీ తగలకుండా పెట్టించండి.

ఆవకాయ జాడీ లారీ ఎక్కకూడదు. మూతికి గుడ్డ కట్టి, ప్లాస్టిక్ సంచిలో నిలబెట్టి, బకెట్లో పెట్టి, ఒళ్లో పెట్టుకుని వెళ్లండి. అత్తయ్య ఈ మాట తార్నాకలోనే చెప్పింది, నేనే వినలేదు.

గ్యాస్ సిలిండరు సామాన్లతో పాటు మూసిన బండిలో పంపొద్దు. ఊళ్లోనే ఏజెన్సీ మారుతుంటే ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకుని సిలిండరు, రెగ్యులేటరు మీ దగ్గరే ఉంచుకోవచ్చు. వేరే ఊరికి వెళ్తుంటే రెండూ అప్పగించి టర్మినేషన్ వౌచర్ తీసుకోవాలి. దాన్ని చూపిస్తే కొత్త ఊళ్లో కనెక్షన్ ఇస్తారు.

యంత్రాల విషయంలో వాళ్లు కట్టినా ముందు జాగ్రత్త మనదే. ఫ్రిజ్ ముందురోజే ఖాళీ చేసి ఆపేసి, మంచు కరిగాక నీళ్లు తుడవాలి. నిలబెట్టే తీసుకెళ్లమనాలి. దించాక కొన్ని గంటలాగి స్విచ్ వేయాలి, కంప్రెసర్‌లో ఆయిల్ మళ్లీ కిందికి దిగాలి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కి కొన్న రోజు వెనక నుంచి తీసిన ట్రాన్సిట్ బోల్టులు ఉంటాయి, అవి బిగించకపోతే లోపలి డ్రమ్ము ఊగి దెబ్బతింటుంది. ఆ బోల్టులు ఎక్కడ పెట్టారో ఇవాళే వెతకండి. ఇన్వర్టర్ బ్యాటరీ వంచకూడదు, యాసిడ్ ఒలుకుతుంది. ఏసీకి మెకానిక్‌ని విడిగా పిలిచి, గ్యాస్ లోపల లాక్ చేయించి విప్పించాలి. టీవీ వెనక వైర్లు పీకేముందు ఒక ఫొటో తీసుకోండి.

## ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలు, చిన్న పిల్లలు ఉన్న ఇల్లయితే ఫుల్ ప్యాకింగ్ తీసుకోండి. ఐదారు వేల తేడా రెండు రోజుల సెలవులో పోతుంది. పిల్లల్ని ఆ రోజు అమ్మమ్మ ఇంటికి పంపండి, అది ప్యాకింగ్ కన్నా ముఖ్యం.

పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికీ ఫుల్ ప్యాకింగే. కానీ ఒక్కరోజులో కాకుండా, ముందురోజు ప్యాకింగ్, మర్నాడు లోడింగ్ అని మాట్లాడుకోవాలి. ముప్పై ఏళ్లున్న ఇంట్లో ఏది ఉంచాలో ఏది ఇచ్చేయాలో నలుగురు కుర్రాళ్లు టేపు గన్‌తో నిలబడి ఉంటే తేలదు. మా మామయ్యగారు సైనిక్‌పురి ఇల్లు ఖాళీ చేసినప్పుడు ప్యాకింగ్‌కి ఒక పూట పట్టింది, పాత పేపర్ల కట్ట దగ్గర ఇంకో పూట పట్టింది.

ఏడాదికో రెండేళ్లకో ఇల్లు మారే అద్దెవాళ్లకి గదిని బట్టి కలిపి చేసే పద్ధతే లాభం. మంచి పెట్టెలు ఒకసారి కొని, మడిచి అటక మీద పడేస్తే మళ్లీ పనికొస్తాయి.

పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు ఏ దారైనా పుస్తకాలు మాత్రం మీరే కట్టుకోండి. వాళ్లు మోసేది బరువును. వరస చూసుకోవాల్సింది మీరే.

విజయవాడ నుంచో వైజాగ్ నుంచో హైదరాబాద్ వచ్చేవాళ్లకి ఒకటో దారి గురించి ఆలోచించే పని లేదు. వందల కిలోమీటర్ల కుదుపుకి మన ప్యాకింగ్ ఆగదు. సామాను మీ ఒక్కరిదే బండిలో వస్తుందా, ఇంకొకరిదీ కలుపుతారా అడగండి. కలిపితే చవకే, కానీ ఎప్పుడొస్తుందో చెప్పలేరు, మధ్యలో ఎక్కించి దించడాలు పెరుగుతాయి. వాడిన ఇంటి సామానుకి జీఎస్టీ నిబంధనల్లో ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) అక్కర్లేదు. దాని పేరు చెప్పి డబ్బులడిగితే ఇవ్వకండి.

## కొటేషన్ దగ్గర

కనీసం మూడు చోట్ల అడగండి. ఫోన్‌లో "టూ బీహెచ్‌కే అండీ" అంటే చెప్పే ధరకి విలువ లేదు. ఇంటికి వచ్చి చూడమనండి, కుదరకపోతే వీడియో కాల్‌లో చూపించండి. అప్పుడు అటక తలుపులు కూడా తెరవండి. సజ్జ మీద సామాను ఎవరూ లెక్కలో వేసుకోరు. షిఫ్టింగ్ రోజు అందులోంచి పాత కూలర్, మూడు సూట్‌కేసులు, కొలువు బొమ్మల పెట్టె దిగేసరికి, "ఇది లిస్టులో లేదు సార్" అని రేటు మారుతుంది. బాల్కనీ, మొక్కల కుండీలు, పార్కింగ్‌లో పడి ఉన్న సైకిల్ కూడా అంతే. మొక్కలు చాలామంది తీసుకోరు. తులసి కోట ఉంటే ముందే అడగండి.

రాసి ఇచ్చిన కొటేషన్‌లో ఇవి ఉన్నాయా చూడండి: రెండు చివరలా అంతస్తులు, లిఫ్ట్, బండి సైజు, ఎంతమంది మనుషులు, ఏవి విప్పి బిగిస్తారు, జీఎస్టీ కలిపారా వేరే పడుతుందా. "పన్నెండు వేలే" అని చెప్పి, చివర్లో 18 శాతం కలిపితే 14,160 అవుతుంది.

కంపెనీ పేరు చూసి మోసపోకండి. పేరున్న సంస్థల పేర్లకి ముందో వెనకో ఒక మాట తగిలించి నడిపేవాళ్లు బోలెడు. వాళ్ల జీఎస్టీ నంబరు అడగండి. అది 15 అక్షరాలుంటుంది, తెలంగాణలో రిజిస్టర్ అయితే 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే సంస్థ అసలు పేరు, రిజిస్ట్రేషన్ ఇంకా నడుస్తోందా లేదా కనపడతాయి. రెండు నిమిషాల పని.

ఇన్సూరెన్స్ పేరుతో సామాను విలువ మీద ఇంత శాతం అని తీసుకుంటారు. అది నిజంగా బీమా కంపెనీ పాలసీయేనా, లేక వాళ్ల సొంత మాటేనా అడగండి. పాలసీ కాపీ చూపించలేకపోతే దాన్ని ఇన్సూరెన్స్ అనుకోవద్దు. నగలు, డబ్బు, పత్రాలు ఎలాగూ అందులోకి రావు. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం కింద ట్రాన్స్‌పోర్టర్ బాధ్యతకి ఒక హద్దుంది. ఎక్కువ విలువ ప్రకటించి ఎక్కువ రేటు కట్టకపోతే, సరుకు పోయినా పాడైనా కిరాయికి పది రెట్ల వరకే. ఆరు వేల కిరాయికి అరవై వేలు. మీ టీవీ, ఫ్రిజ్ కలిపితేనే అది దాటుతుందేమో చూసుకోండి.

అడ్వాన్స్ కొంచెమే ఇవ్వండి. సామానంతా బండెక్కాక "ఇంకో నాలుగు వేలు" అన్నవాళ్లని చూశాను. అప్పుడు మన మంచం, పొయ్యి, పిల్లల పుస్తకాలు వాళ్ల చేతిలో ఉంటాయి, వాదించే ఓపిక మనకి ఉండదు. మిగిలిన డబ్బు దించాకే ఇస్తామని వాట్సాప్‌లో రాయించుకుంటే అది పనికొస్తుంది. అంతకీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వినియోగదారుల కమిషన్‌లో మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు.

## ఏ రోజు

నెలాఖరు, శనాదివారాలు, శ్రావణమాసం ముహూర్తాలకి బండ్లు దొరకవు, రేటూ దిగదు. ఆషాఢంలో కొత్త ఇంట్లో చేరడానికి చాలామంది ఇష్టపడరు, మూఢంలోనూ అంతే. పట్టింపు లేనివాళ్లకి బేరమాడే అవకాశం అప్పుడే. కాకపోతే ఆషాఢం వానల్లో వస్తుంది. మూసిన కంటెయినర్ బండి అడగండి, పరుపులకి ప్లాస్టిక్ కవర్ వేయించండి. పట్టింపు ఉన్నవాళ్లకి మధ్యేమార్గం ఒకటుంది. మంచిరోజు చూసి దేవుడి పటం, బియ్యం, ఉప్పు, పసుపు కుంకుమలతో వెళ్లి పాలు పొంగించి రండి. సామాను వారం మధ్యలో తీరిగ్గా తెచ్చుకోండి. నార్సింగి ఇంటికి మేమిలాగే చేశాం. అత్తయ్యకి ముహూర్తం దక్కింది, మాకు బుధవారం రేటు దక్కింది.

పగటి పూట పెద్ద లారీల మీద నగరం లోపల ఆంక్షలుంటాయి. అందుకే పొద్దున్నే రమ్మనాలా, సాయంత్రం దాకా ఆగాలా అన్నది మూవర్స్‌నే అడిగి తేల్చుకోండి. వదిలే ఇంటి కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కి పంపండి.

మొదటి రాత్రి సంచి ఒకటి విడిగా పెట్టుకోండి. చార్జర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్స్, స్క్రూడ్రైవర్, పాలగిన్నె, కాఫీ పొడి, బకెట్, మగ్, సబ్బు, దోమల మందు, ఒక దుప్పటి, మర్నాటి బట్టలు. మంచం స్క్రూలన్నీ ఒక కవర్లో వేసి ఇందులోనే పెట్టండి, మంచానికి టేపుతో అంటించొద్దు.

దించడం అయిపోయాక పెట్టెలు లెక్కపెట్టి, కుర్రాళ్లకి చాయ్ డబ్బులిచ్చి, సూపర్‌వైజర్ కాగితం చాచినప్పుడు తొందరపడొద్దు. 'సామాను సవ్యంగా అందింది' అని అచ్చువేసి ఉంటుంది దాని మీద. నలభై పెట్టెల్లో మీరు తెరిచింది ఒక్కటీ ఉండదు. గీతలు పడ్డవి, సొట్టపడ్డవి అక్కడే రాయండి, ఫొటో తీయండి. కింద మీ చేత్తో 'పెట్టెలు ఇంకా తెరిచి చూడలేదు' అని రాసి, తేదీ వేసి, అప్పుడు సంతకం పెట్టండి. నార్సింగిలో నేను అలా రాస్తుంటే అతను కాసేపు చూసి, "మీరు ముందు కూడా షిఫ్ట్ అయ్యారా మేడమ్?" అన్నాడు.